కొలువుకు స్పానిష్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఉద్యోగంలో స్పానిష్‌తో పని పడినవారు, పడబోతున్నవారు ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు. స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాం. దీర్ఘం ఉన్న అక్షరాన్ని ఊని పలకాలి, అంతే. మన దీర్ఘంలా సాగదీయొద్దు.

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం. స్పానిష్ వస్తే కొలువు తొందరగా దొరుకుతుందని 2000 మాటల జాబితా ఒకటి ముందు పెట్టుకుని చదువుతున్నా. వారం తిరిగేసరికి సగం గుర్తుండట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నా?
(ఒక విద్యార్థి, నల్లగొండ)

జవాబు: తప్పు జాబితాలోనే ఉంది. అందులో ఏనుగు, సీతాకోకచిలుక, మేనత్త, ఊదా రంగు అన్నీ ఉంటాయి. ఆఫీసు మెయిల్‌లో అవి ఎన్నడూ రావు. మాటలను పుస్తకంలోంచి కాదు, పని కాగితాల్లోంచి తీయాలి. ఒక ఇన్వాయిస్, ఒక ఆర్డర్, ఒక మీటింగ్ నోట్, ఒక ఫిర్యాదు మెయిల్, ఒక ఉద్యోగ ప్రకటన: ఈ అయిదూ స్పానిష్‌లో సంపాదించండి. ఇంకా కొలువు లేదు కాబట్టి ముందు ఒక రంగం ఎంచుకోండి. అకౌంట్సా, కస్టమర్ కేరా, మందుల కంపెనీయా? ఆ కాగితాల్లో మళ్లీ మళ్లీ వచ్చే నామవాచకాలు, క్రియలు గీత గీసి తీస్తే 250, 300 మాటలు తేలతాయి. మొదటి మూడు నెలలకు అవి చాలు.

ఇక చీటీ రాసే పద్ధతి. ఒక్క 'ఫక్తూర' (ఇన్వాయిస్) అని రాసుకుంటే సగమే నేర్చుకున్నట్టు. 'ల ఫక్తూర' అని ముందున్న ముక్కతో సహా రాయాలి. స్పానిష్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంది, దాన్నిబట్టి వెనక వచ్చే మాట మారుతుంది. ఇన్వాయిస్ చెల్లింపు అయిపోయిందంటే 'ల ఫక్తూర ఎస్తా పగాద'. అదే ఆర్డర్ అయితే 'ఎల్ పెదీదొ ఎస్తా పగాదొ'. 'అ'తో ముగిస్తే స్త్రీలింగం, 'ఒ'తో ముగిస్తే పుంలింగం అన్న సూత్రం ఎక్కువ మాటలకు పనిచేస్తుంది గానీ ఆఫీసులో రోజూ వాడే ఎల్ ప్రొబ్లేమ (సమస్య), ఎల్ సిస్తేమ, ఎల్ దీఅ (రోజు), ఎల్ ఇదియోమ (భాష) దానికి లొంగవు.

ప్రతి నామవాచకంతోపాటు దానికి జతగా నడిచే క్రియ కూడా రాసుకోండి. ఆర్డర్ పెట్టడం 'అసేర్ ఉన్ పెదీదొ', ఇన్వాయిస్ ఇవ్వడం 'ఎమితీర్ ఉన ఫక్తూర', గడువులోగా పూర్తి చేయడం 'కుంప్లీర్ ఎల్ ప్లాసొ'. విడి మాట వచ్చినా ఈ జత తెలియకపోతే నోరు మధ్యలో ఆగిపోతుంది.

చీటీకి ముందు వైపు తెలుగు, వెనక వైపు స్పానిష్ ఉండాలి. చాలామంది స్పానిష్ చూసి తెలుగు చెప్పుకుంటారు. అది తేలిక, అందుకే వచ్చేసిందనిపిస్తుంది. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు దారి అటునుంచి ఇటు కాదు కదా.

చీటీలు తిరగేయడానికి జర్మన్ రచయిత సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన అయిదు డబ్బాల పద్ధతి ఇప్పటికీ దీటైనదే. మొదటి డబ్బా రోజూ చూడాలి, రెండోది 2 రోజులకోసారి, మూడోది 4, నాలుగోది 8, అయిదోది 16 రోజులకోసారి. సరిగా చెబితే చీటీ తరువాతి డబ్బాలోకి పోతుంది. తప్పితే ఏ డబ్బాలో ఉన్నా మళ్లీ మొదటిదానికే రావాలి. చెప్పుల డబ్బాలతో చేసినా సరే, ఫోన్‌లో ఆంకీ అనే యాప్‌తో (ఆండ్రాయిడ్‌లో ఉచితం) చేసినా సరే. రోజుకు 10 కొత్త మాటలు మించొద్దు. రెండు మూడు వారాలకు పాత చీటీలు పోగుపడి భయపెడతాయి, ఎక్కువమంది వదిలేసేది అక్కడే. మొదటి డబ్బాలో 30 దాటాయంటే కొత్తవి ఆపి పాతవాటిని తగ్గించండి.

ఒకేలా వినబడే మాటలను ఒకేరోజు నేర్వొద్దు. సెసేంత 60, సెతేంత 70. రెండూ కలిపి చదివితే జీవితాంతం కలిసిపోతాయి. కొనుగోలు, అమ్మకం (కోంప్ర, బేంత) లాంటి ఎదురు మాటల జంటలదీ ఇదే గొడవ. ఒకటి స్థిరపడ్డాక, వారం ఆగి రెండోది ఎత్తుకోండి.

ప్రశ్న: ఉచ్చారణ కోసం మాటలన్నీ తెలుగులో రాసుకుంటున్నాను. ఇలా రాయొద్దని మా ట్యూషన్ సార్ అంటారు. నిజమేనా?
(ఒక పాఠకురాలు, సూర్యాపేట)

జవాబు: మొదటి రెండు వారాలు రాసుకోండి, తరువాత మానండి. నిజానికి ఇంగ్లిష్ లిపి కంటే తెలుగు లిపే ఇక్కడ మేలు. స్పానిష్ త, ద అచ్చం మనవే, నాలుక పళ్లకు తగలాలి. ప, క కూడా ఊపిరి వదలకుండా పలికే మన ప, క. మనవాళ్లకు చిక్కు ఇంగ్లిష్ అలవాటు వల్ల వస్తుంది. 'టీ' అక్షరం కనబడగానే 'ట' అనేసి 'ఫాక్టూరా' అంటారు. అది 'ఫక్తూర'.

మిగతావి చకచకా: 'వీ', 'బీ' రెండింటికీ బ లాంటి ఒకే ధ్వని. 'హెచ్' పలకదు, కాబట్టి హోటల్ 'ఒతేల్'. 'జే' అక్షరానికి గొంతులోంచి వచ్చే హ లేదా ఖ. రెండు 'ఎల్'లకు చాలా దేశాల్లో య. 'జడ్' లాటిన్ అమెరికాలో స, స్పెయిన్‌లో ఎక్కువచోట్ల నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే థ. రెండు 'ఆర్'లు వస్తే నాలుక అదరాలి: 'పేరొ' అంటే కానీ, 'పేర్రొ' అంటే కుక్క.

తెలుగు లిపి చెడగొట్టేది దీర్ఘాల దగ్గర. మనకు దీర్ఘం అంటే కాలం, వాళ్లకు కావాల్సింది ఊనిక. ఊనిక మారితే లెక్కే మారుతుంది. 'పాగొ' అంటే చెల్లింపు, లేదా నేను చెల్లిస్తున్నాను. 'పగో' అంటే ఆయన చెల్లించాడు. సూత్రం చిన్నదే. మాట అచ్చుతోగానీ, 'ఎన్', 'ఎస్' అక్షరాలతోగానీ ముగిస్తే చివరినుంచి రెండో అక్షరం మీద ఊనిక, లేదంటే చివరిదాని మీద. ఈ సూత్రం తప్పే మాటలకు అచ్చుమీద గీత పెట్టి చూపిస్తారు. అందుకే ఆ గీతను అలంకారం అనుకుని వదిలేయొద్దు.

ప్రశ్న: జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో మందుల ప్యాకింగ్ విభాగంలో పనిచేస్తా. లాటిన్ అమెరికాకు పోయే డబ్బాల మీద స్పానిష్ ఉంటుంది. ఏ మాటలు వస్తే నా పని నడుస్తుంది? తర్జుమా యాప్‌ను నమ్మొచ్చా?
(ఒక పాఠకుడు, జడ్చర్ల)

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు: అర్థం తెలుసుకోవడానికి యాప్ వాడుకోండి, లేబుల్ మీద పెట్టడానికి వద్దు. డబ్బా మీది ప్రతి మాటా ఆ దేశపు ఔషధ సంస్థ ఆమోదించిన పాఠం. స్పెయిన్‌లో ఏఈఎంపీఎస్, మెక్సికోలో కొఫెప్రిస్, కొలంబియాలో ఇన్విమా, అర్జెంటీనాలో అన్మాట్. యాప్ ఇచ్చిన మాట భాషాపరంగా ఒప్పే అయినా ఆమోదించిన ప్రతిలో లేకపోతే అది తప్పే. మీ పని అక్షరం అక్షరం పోల్చడం.

ఇక మాటలు. బ్యాచ్ 'లోతె'. తయారీ తేదీ 'ఫేచ దె ఫబ్రికస్యోన్'. గడువు తేదీ దగ్గరే దేశాలు విడిపోతాయి: స్పెయిన్, మెక్సికోల్లో 'ఫేచ దె కదుసిదాద్', కొలంబియా, పెరూ వంటి చోట్ల 'ఫేచ దె బెన్సిమ్యేంతొ'. గోలీ స్పెయిన్, అర్జెంటీనాల్లో 'కొంప్రిమీదొ', మెక్సికో, కొలంబియాల్లో 'తబ్లేత'. క్యాప్సూల్ 'కాప్సుల'. సిరప్ 'హరాబె', కొందరి నోట 'ఖరాబె' అనే వినిపిస్తుంది. మన ఖరాబుతో దానికి చుట్టరికం లేదు గానీ గుర్తుంచుకోవడానికి భలే పనికొస్తుంది. డాక్టర్ చీటీ ఎక్కువచోట్ల 'రెసేత మేదిక', కొలంబియాలో 'ఫోర్ముల మేదిక'. లోపల పెట్టే కాగితం స్పెయిన్‌లో 'ప్రొస్పేక్తొ', పెరూలో 'ఇన్‌సేర్తొ'. పిల్లలకు అందనిచోట ఉంచండి అన్న వాక్యం చివర 'నీఞొస్' వస్తుంది, అంటే పిల్లలు.

ఎక్కువ ముంచేవి నెలల పొట్టి పేర్లు. పన్నెండింట్లో ఎనిమిది ఇంగ్లిష్‌వాటిలాగే ఉంటాయి, నాలుగు మారతాయి: జనవరి ఈఎన్ఈ, ఏప్రిల్ ఏబీఆర్, ఆగస్టు ఏజీఓ, డిసెంబరు డీఐసీ. ఎనిమిది నెలలు ప్రింటర్ సెట్టింగ్ సరిగానే ఉన్నట్టు కనిపించి, ఈ నాలుగింట్లో బయటపడుతుంది. లైన్ మొదలుపెట్టేముందు తేదీ ఏ భాషలో ఉందో ఈ నాలుగు నెలలతోనే పరీక్షించండి.

దశాంశ బిందువు కూడా చూడండి. కొలంబియా, అర్జెంటీనా, స్పెయిన్‌లలో రెండున్నర మిల్లీగ్రాములను 2,5 అని కామాతో రాస్తారు. కామా ముద్రలో సరిగా పడకపోతే అది 25 అవుతుంది. మందు విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

'ఎన్' అక్షరం మీది మెలిక పడిందో లేదో తప్పక చూడాలి. సంవత్సరాలు 'ఆఞొస్'. మెలిక పోతే అది 'ఆనొస్' అవుతుంది, దాని అర్థం మలద్వారాలు. 'రెండేళ్లు దాటిన పిల్లలకు' అన్న వాక్యంలో ఇది జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఎక్సెల్ నుంచి ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లోకి అక్షరాలు మారేటప్పుడు ఈ మెలికలు, గీతలు రాలిపోతుంటాయి, లేదా వాటి చోట ప్రశ్నార్థకమో, డబ్బా గుర్తో వస్తుంది. విండోస్ కంప్యూటర్‌లో ఆల్ట్ నొక్కిపట్టి కుడివైపు అంకెల ప్యాడ్ మీద 164 కొడితే మెలిక 'ఎన్' వస్తుంది, పెద్దక్షరానికి 165. గీత ఉన్న అచ్చులకు వరుసగా 160 (ఏ), 130 (ఈ), 161 (ఐ), 162 (ఓ), 163 (యూ). వాక్యం ముందు వచ్చే తలకిందుల ప్రశ్నార్థకం 168. ఈ ఎనిమిది అంకెలు కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించుకోండి. అంకెల ప్యాడ్ లేని ల్యాప్‌టాప్ అయితే కీబోర్డును అమెరికన్ ఇంటర్నేషనల్‌కు మార్చుకోవచ్చు.

ఆడిట్‌కు స్పానిష్ మాట్లాడే ఇన్‌స్పెక్టర్ వస్తే వినబడేవి: లిమ్ప్యేస (శుభ్రత), రెహీస్త్రొ (రికార్డు), దెస్బియస్యోన్ (డీవియేషన్), మ్వేస్త్ర (శాంపిల్). మాట పట్టుకుని ఏ ఫైలు తీయాలో తెలిస్తే చాలు. జవాబు దుబాసీ చూసుకుంటాడు, మీరు సగం స్పానిష్‌లో చెప్పబోవద్దు.

ప్రశ్న: కొత్తగా స్పానిష్ అకౌంట్స్ ప్రాసెస్‌లో చేరాను. అంకెలు వింటే తికమక. లక్షలు, కోట్లు వాళ్లకు ఎలా చెప్పాలి?
(ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్)

జవాబు: లక్షకు, కోటికి వాళ్ల దగ్గర విడి మాటలు లేవు. ఈ అయిదు మెట్లు కంఠతా పట్టండి. లక్ష 'స్యేన్ మీల్', అంటే నూరు వేలు. పది లక్షలు 'ఉన్ మియోన్'. కోటి 'ద్యేస్ మియోనెస్'. వంద కోట్లు 'మీల్ మియోనెస్'. లక్ష కోట్లు 'ఉన్ బియోన్'. చివరి రెండూ జాగ్రత్త: ఇంగ్లిష్‌లో బిలియన్ అంటే వంద కోట్లు, స్పానిష్‌లో అదే పోలిక ఉన్న మాటకు లక్ష కోట్లు. వెయ్యి రెట్ల తేడా. ఇంగ్లిష్ నివేదికలోంచి స్పానిష్‌లోకి మార్చేటప్పుడు పెద్ద పెద్దవాళ్లే ఇక్కడ జారుతుంటారు.

వందల్లో 500, 700, 900 దారి తప్పుతాయి: కిన్యేంతొస్, సెతెస్యేంతొస్, నొబెస్యేంతొస్. 60, 70 మధ్య అనుమానం వస్తే సిగ్గుపడకుండా అంకె అంకెగా చెప్పించుకోండి: 'సేఇస్, సేరొ' (6, 0) లేదా 'స్యేతె, సేరొ' (7, 0).

రాతలో స్పెయిన్ ఇన్వాయిస్ మీద 12.500 అంటే పన్నెండున్నర కాదు, పన్నెండు వేల అయిదు వందలు. మెక్సికోలో మాత్రం మనలాగే వేలకు కామా, పైసలకు చుక్క. డాలర్ గుర్తు కనబడిందని డాలర్లనుకోవద్దు, మెక్సికో, కొలంబియా, చిలీ, అర్జెంటీనాల్లో పెసోకూ అదే గుర్తు. కరెన్సీ పేరు రాసి లేకపోతే అడగాలి.

పన్ను 'ఈబ' (రాతలో ఐవీఏ). స్పెయిన్‌లో సాధారణ రేటు 21 శాతం, మెక్సికోలో 16, కొలంబియాలో 19. పెరూలో పేరే వేరు, ఐజీవీ అంటారు, 18 శాతం. మన టీడీఎస్‌లా ముందే పట్టుకునేది 'రెతెన్స్యోన్'. అడ్వాన్సు 'అంతిసీపొ', మిగులు 'సాల్దొ', ఖాతా 'క్వేంత'. లెడ్జర్‌లో డెబిట్ వైపు 'దేబె', క్రెడిట్ వైపు 'అబేర్'. మందుల డబ్బా మీద గడువు తేదీకి చెప్పుకున్న బెన్సిమ్యేంతొ మీ ఇన్వాయిస్ మీద చెల్లించాల్సిన ఆఖరు తేదీ.

ప్రశ్న: 'తూ', 'ఉస్తేద్' రెండూ 'నువ్వు'కేనా? ఆఫీసులో ఏది?
(ఒక పాఠకుడు, భువనగిరి)

జవాబు: తూ నువ్వు, ఉస్తేద్ మీరు. మనకు ఈ తేడా పుట్టుకతోనే తెలుసు కాబట్టి ఇంగ్లిష్‌వాళ్లు పడే బాధ మనకు లేదు. కస్టమర్‌తో, పెద్దవాళ్లతో ఉస్తేద్‌తోనే మొదలుపెట్టండి. అవతలివాళ్లు తూ అంటే అప్పుడు మారండి. స్పెయిన్ ఆఫీసుల్లో తూ తొందరగా వస్తుంది, కొలంబియాలో చాలాచోట్ల ఇంట్లోవాళ్లను కూడా ఉస్తేద్ అంటారు. అర్జెంటీనాలో తూ బదులు 'బోస్'. మెయిల్ మొదట్లో పురుషుడికి 'ఎస్తిమాదొ', స్త్రీకి 'ఎస్తిమాద' అని, పేరు తరువాత కామా కాకుండా కోలన్ పెట్టాలి. ముగింపు 'సలూదొస్ కొర్ద్యాలెస్'.

ప్రశ్న: మా తమ్ముడు టెక్సాస్ పోయి గ్యాస్ స్టేషన్‌ల పనికి కుదిరిండు. అక్కడ తనతోని పనిచేసేటోళ్లు ఎక్కువ మెక్సికోవాళ్లేనట. ఇంగ్లిష్ ఇద్దరికీ అంతంతే. వానికి పంపడానికి కొన్ని మాటలు చెప్తరా?
(ఒక పాఠకుడు, దేవరకొండ)

జవాబు: తమ్ముడికి మెక్సికో స్పానిష్ కావాలి, స్పెయిన్ పుస్తకం పంపకండి. నేల తుడవడానికి స్పెయిన్‌లో 'ఫ్రెగార్' అంటారు, మెక్సికోలో అది సతాయించడం, మర్యాద మాట కూడా కాదు. అక్కడ తుడవడం 'త్రపెఆర్', ఊడ్వడం 'బర్రేర్'. అలాగే స్పెయిన్‌లో 'తీసుకోవడం'గా రోజూ వాడే 'కొహేర్' మెక్సికోలో బూతు. దాన్ని అసలు నేర్చుకోకపోవడమే మేలు, 'తొమార్' ఎక్కడైనా చెల్లుతుంది.

పని చెప్పేటప్పుడు మర్యాద రూపం వాడాలి. క్రియ 'ఆర్'తో ముగిస్తే చివర 'ఎ' వస్తుంది, 'ఎర్', 'ఇర్'లతో ముగిస్తే 'అ' వస్తుంది. అందుకే లీంప్యె (శుభ్రం చేయండి), యేనె (నింపండి), స్యేర్రె (మూయండి), కానీ బార్ర (ఊడ్వండి). వెనకాల 'పోర్ ఫబోర్' తగిలిస్తే దయచేసి అన్నట్టు. చెత్త తీసేయండి అంటే 'సాకె ల బసూర, పోర్ ఫబోర్'. సరుకు అయిపోయిందంటే 'సె అకబో', ఐస్ అయిపోతే 'సె అకబో ఎల్ యేలొ'. షిఫ్టు 'తూర్నొ'. శనివారం షిఫ్టు మీరు చూసుకుంటారా అని అడగాలంటే 'ప్వేదె కుబ్రీర్ ఎల్ తూర్నొ దెల్ సాబదొ?' నేల తడిగా ఉంటే 'పీసొ మొహాదొ'. హెచ్చరికకు 'కుఇదాదొ', మెక్సికోవాళ్లయితే తరచు 'ఆగ్వస్!' అని అరుస్తారు. నీళ్లు అడుగుతున్నారనుకుని సీసా తేవద్దు, పక్కకు జరగాలి.

టెక్సాస్‌లో మధ్యాహ్న భోజనాన్ని 'లోంచె' అని, పికప్ బండిని 'త్రోక' అని కూడా అంటారు. ఇవి ఇంగ్లిష్‌లోంచి వచ్చినవి, నిఘంటువులో వెతికితే దొరకకపోవచ్చు. మేస్త్రి స్థాయి పనివాళ్లను 'మఏస్త్రొ' అని పిలిస్తే గౌరవం. మన 'మేస్త్రి' పోర్చుగీసు నుంచి వచ్చింది, రెండూ చుట్టాలే.

ప్రశ్న: మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులో కాగితాల పని. స్పానిష్ దేశాల నుంచి కొటేషన్లు అడుగుతున్నారు. బియ్యం మాటలు కావాలి. మా బంధువులు వనపర్తిలో పల్లి వ్యాపారం చేస్తారు, వాళ్లకు కూడా.
(ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: బియ్యం 'అర్రోస్'. పొడవు గింజ 'గ్రానొ లార్గొ', నూక కొన్నిచోట్ల 'పర్తీదొ', కొన్నిచోట్ల 'కెబ్రాదొ', తేమ 'ఉమెదాద్'. ఉప్పుడు బియ్యానికి పేర్లు మూడు నాలుగు: స్పెయిన్‌లో 'బపొరిసాదొ', అంతర్జాతీయ ప్రమాణాల పత్రాల్లో 'సంకొచాదొ', లాటిన్ అమెరికాలో 'పర్బొలిసాదొ' అని కూడా. కొనేవారు తమ మెయిల్‌లో ఏ మాట రాశారో అదే మీ కొటేషన్‌లో వాడండి. కొటేషన్ అన్నదానికీ రెండు పేర్లున్నాయి, స్పెయిన్‌లో 'ప్రెసుప్వేస్తొ', లాటిన్ అమెరికాలో 'కొతిసస్యోన్'. పల్లి మెక్సికోలో 'కకవాతె', స్పెయిన్‌లో 'కకవేతె', దక్షిణ అమెరికాలో 'మనీ'.

తూకం మాట తప్పకుండా పట్టించుకోండి. మన మార్కెట్ యార్డులో క్వింటాల్ అంటే 100 కిలోలు, మరో మాట లేదు. స్పానిష్ 'కింతాల్' పాత లెక్కలో 100 పౌండ్లు, అంటే సుమారు 46 కిలోలు. మధ్య అమెరికాలో, ఈక్వెడార్‌లో ఇప్పటికీ ఆ అర్థంలో నడుస్తుంది. క్వింటాల్‌కు ఇంత అని ధర పంపితే అవతలివాళ్లు సగం కంటే తక్కువ సరుకుకు ఆ ధర అనుకుంటారు, బేరం అక్కడే చెడుతుంది. ధర టన్నుకో (తొనెలాద), కిలోకో చెప్పండి.

బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రసీదు) 'కొనొసిమ్యేంతొ దె ఎంబార్కె'. యాప్‌లో మొదటి మాట ఒక్కటే వేస్తే 'జ్ఞానం' అని వస్తుంది, కంగారు పడొద్దు. కస్టమ్స్ 'అద్వాన', రవాణా కిరాయి 'ఫ్లేతె', ప్యాకింగ్ లిస్ట్ 'లీస్త దె ఎంపాకె'.

ప్రశ్న: ఇంగ్లిష్ బాగా వస్తే స్పానిష్ మాటలు సగం వచ్చినట్టే అంటారు. ఎంతవరకు నిజం?
(ఒక పాఠకుడు, కోదాడ)

జవాబు: చదవడంలో చాలావరకు నిజం, రాయడంలో ప్రమాదం. 'కర్పేత' తివాచీ కాదు, ఫోల్డర్. 'ఏక్సితొ' బయటికి దారి కాదు, విజయం; బయటికి దారి 'సలీద'. 'అసిస్తీర్' హాజరవడం, సాయం చేయడం 'అయుదార్'. 'అక్త్వాల్' ప్రస్తుత. ఉద్యోగ ఒప్పందంలో 'ఎబెంత్వాల్' అని ఉంటే అది తాత్కాలిక కొలువు. సిగ్గుగా ఉంది అనబోయి ఆడవాళ్లు 'ఎంబరసాద' అంటే గర్భవతినని చెప్పినట్టు. మన ఆఫీసు ఇంగ్లిష్‌లో జవాబిస్తానన్న అర్థంలో 'రివర్ట్' అంటాం కదా, దాన్ని 'రెబెర్తీర్' చేయకండి, అది చేసినదాన్ని రద్దు చేయడం. జవాబివ్వడం 'రెస్పొందేర్'.

ప్రశ్న: సర్టిఫికెట్ ఏది తీసుకోవాలి?
(ఒక పాఠకురాలు, వనపర్తి)

జవాబు: స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ ఇచ్చే డెలె (అన్నిటికంటే తేలికైన ఏ1 నుంచి కష్టమైన సీ2 వరకు ఆరు స్థాయిలు) ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. సంస్థ కేంద్రం ఢిల్లీలో ఉంది. ఏ1లో చదవడం, రాయడం కలిపి 50 మార్కులు, వినడం, మాట్లాడడం కలిపి 50. రెండింట్లోనూ విడివిడిగా 30 రావాలి, ఒకదాంట్లో 45 వచ్చినా రెండోదాంట్లో 28 వస్తే తప్పినట్టే. సియెలె అనే మరో పరీక్ష కంప్యూటర్ మీద రాసేది, 1000 పాయింట్లకు, ఒకే పరీక్షలో ఏ1 నుంచి సీ1 దాకా మీ స్థాయి తేలుస్తుంది, 5 ఏళ్లు చెల్లుతుంది. కొలువు కోసం తొందరైతే సియెలె, చేతిలో సమయం ఉంటే డెలె. ఫోన్ మీద కస్టమర్లతో మాట్లాడే పనికి సాధారణంగా బీ2 అడుగుతారు. ఏ1 కాగితం చూపి కొలువిప్పిస్తామనేవాళ్లకు ఫీజు కట్టేముందు ఇది గుర్తుంచుకోండి. పద్ధతిగా డిగ్రీ స్థాయిలో చదవాలనుకుంటే హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో స్పానిష్ ఉంది.

ప్రశ్న: మెక్సికో క్లయింట్ 'మఞాన' అన్నాడు. రేపా, పొద్దున్నా? మీటింగ్ పోయింది.
(ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్)

జవాబు: రెండూ. 'మఞాన' రేపు, 'ల మఞాన' ఉదయం, రేపు ఉదయం 'మఞాన పోర్ ల మఞాన'. మెక్సికోలో 'అఒరీత' కూడా అలాంటిదే, ఇప్పుడే అని కావచ్చు, కాసేపాగి అని కావచ్చు. 'ఎన్ ఓచొ దీఅస్' అక్షరాలా ఎనిమిది రోజులు, అర్థం వచ్చే వారం ఇదే రోజు.

మాటలో అనుమానం ఉన్నప్పుడు 'అ కె ఓర?' (ఎన్నింటికి?) అని అడిగి, తేదీ, రెండు ఊళ్ల సమయం మెయిల్‌లో రాసి పంపండి. మెక్సికో సిటీ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. 2022లో అక్కడ చాలా ప్రాంతాల్లో వేసవి సమయం ఎత్తేశారు కాబట్టి ఏడాదంతా ఇంతే. వాళ్ల ఉదయం 9 మన రాత్రి 8.30. కొలంబియా రాజధాని బొగొతా పదిన్నర గంటలు వెనక. మాడ్రిడ్‌తో జాగ్రత్త: చలికాలం నాలుగున్నర గంటలు, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా మూడున్నర. ఆ రెండు ఆదివారాల తరువాతి సోమవారం మీటింగులన్నీ ముందురోజే మళ్లీ సరిచూసుకోండి.